కంటికి దక్కిన కవిత

చిత్రకారుడు ఇకే నో తైగా 1776లో కన్నుమూసెను గనుక, 250 ఏండ్ల సందర్భమని సంపాదకులవారు గడువు పెట్టి నన్నీ వ్యాసమునకు కూర్చుండబెట్టిరి. తైగా చెంతకు చేరవలెనన్న, జపానువారు చీనా భాషలో పద్యములల్లిన వేయేండ్ల కథను దాటవలెను. దాటెదను: 751లో ‘కైఫూసో’ సంకలనము వెలసినది, పిమ్మట ఆస్థానములును, జెన్ మఠములును ఈ కవిత్వమును పోషించినవి, 1415 ప్రాంతమున జొసెత్సు అను సన్న్యాసి సొరబుర్రతో వాలుగచేపను పట్టబోవు మనుష్యుని చిత్రింపగా, 31 మంది సన్న్యాసులు ఆ బొమ్మకు జోడుగా పద్యములు వ్రాసిరి.

చీనా పద్యమును చీనా ఉచ్చారణతోనే చదువగలవారు జపానులో అరుదు. అక్షరముల ప్రక్క చిన్న గుర్తులుంచుకొని, మనవారు శ్లోకమునకు అన్వయక్రమముగా అంకెలు వేసికొనునట్లు, పదములను తమ భాషకనువుగా వెనుకముందులు మార్చి చదివెడివారు. చెవికి చేజారిన సొంపును కంటితో రాబట్టుకొనిరని నా ఊహ.

ఈ ఊహకు సాక్ష్యము 1771 నాటి చిన్న చిత్రసంపుటము. చీనా రచయిత లీ యూ కొండదిగువన ఇల్లు కట్టుకొని, అక్కడ కాపురము ఇబ్బంది కాదా యని శంకించిన అతిథికి బదులుగా ఆ చోటి సౌకర్యములను, సొగసులను పద్యములుగా చెప్పెను. ఈ సంపుటమున ఆ పద్యములకు బొమ్మలు వేయుటలో పది సౌకర్యములు 48 ఏండ్ల తైగా పాలికిని, పది సొగసులు 55 ఏండ్ల బూసోన్ అను చిత్రకారుని పాలికిని వచ్చినవి. పుట పట్టుమని జానెడైనను లేదు, 18 సెంటీమీటర్ల చదరము; అందులోనే బొమ్మ, అందులోనే చిత్రకారుని చేవ్రాతతో పద్యము. గాలపు సౌకర్యమును చూపు పుటలో నీటిమీదికి తెరచిన ఇంటిలో కూర్చుండియే గాలము వేయవచ్చును. పడవ అక్కరలేదు, గొంగడి అక్కరలేదు. చెప్పవలెనన్న తైగా వాటా తేలిక. నీళ్లు తోడుట, దున్నుట, కట్టెలు కొట్టుట కంటికానునట్టివి. వాన, గాలి, వేకువ, సంధ్య వంటి పట్టుకొనరాని వాటిని గీయవలసిన కష్టము బూసోన్‌ది. అయినను నేను తైగా పక్షమే; ఆయన గీతలో శ్రమ కానరాదు.

మెయిజీ చక్రవర్తి కాలము వచ్చుటతో కథ చెదరినది. తైలవర్ణములు వచ్చినవి, ఐరోపా భాషలు వచ్చినవి. చీనా పద్యము మాత్రము వెంటనే పోలేదు. 1916లో నవలాకారుడు నత్సుమే సోసెకి ఉదయము నవల వ్రాసి, మధ్యాహ్నము చీనా పద్యము కట్టుకొనెడివాడు; ఆ డిసెంబరులోనే మరణించుటచే నవల అసంపూర్ణముగా మిగిలినది. తైగా, బూసోన్‌ల సంపుటమును కడకు కొనుక్కొన్నవాడును నవలాకారుడే, కవబాత యసునారి.