తెర వెనక రంగులు

తోలుబొమ్మలాటను యానిమేషన్‌కు అమ్మమ్మ అంటుంటారు. ఆ చుట్టరికం ఆటలోనే కాదు, పని పంచుకునే తీరులోనూ ఉంది. జానపద కళల మీద రాసేవాళ్లు ఆ సంగతి పట్టించుకోరు.

మాది మడకశిర. వాన మొహం చాటేస్తే విరాటపర్వం ఆడించేవాళ్లని మా పెద్దవాళ్లు చెప్పేవారు. ఆట కట్టే కుటుంబాలు ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ ఉన్నాయి. (ఈ ఊళ్లన్నీ 2022లో అనంతపురం నుంచి విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి. కరువు మాత్రం విడిపోలేదు.) మేక తోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, ఆరబెట్టి, గీతలు గీసి, ఉలితో చిల్లులు కొట్టి, రెండు వైపులా రంగులు వేస్తారు. ఆటలో సీత గొంతు, బంగారక్క గొంతు ఎక్కువగా ఆడవాళ్లదే. 2020లో నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చినప్పుడు నేనూ సంతోషించాను. అయితే బొమ్మ ఇంటిల్లిపాదీ కలిసి చేసేది, పురస్కారం ఒక్క పేరు మీద వచ్చేది.

ఇది మన పల్లెల వెనకబాటుతనమని అనుకునేవాళ్లు అమెరికా వైపు చూడాలి. డిస్నీ స్టూడియోలో యానిమేటర్ల పెన్సిల్ గీతల్ని పారదర్శకమైన సెల్ మీద సిరాతో దిద్దడం, దాని వెనకవైపు రంగులు నింపడం దాదాపు పూర్తిగా ఆడవాళ్ల పని. బొమ్మలు గీసే 'సృజనాత్మక' పని మగపిల్లలదేనని 1938లో ఆ స్టూడియో దరఖాస్తు పెట్టుకున్న ఒక అమ్మాయికి ఉత్తరమే రాసింది. 1937 నాటి 'స్నో వైట్' టైటిల్స్‌లో సిరా, రంగు అద్దినవాళ్ల పేర్లు లేవు. వణకని చెయ్యి, గంటల తరబడి ఓపిక నైపుణ్యం కింద లెక్కకు రాలేదు. అవి ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చేవట!

స్టూడియోలో పైనున్నవాళ్లకు వారానికి 200, 300 డాలర్లు వస్తుంటే అట్టడుగున 12 డాలర్లకు చేసేవాళ్లుండేవారు. ఆర్ట్ బాబిట్ పై మెట్టులోని యానిమేటర్. ఆయనా కిందివాళ్ల పక్షాన కార్టూనిస్టుల గిల్డ్‌లో చేరాడు. 1941 మేలో ఆయన్ని తీసేశారు. మర్నాడే సమ్మె మొదలైంది, వారాల తరబడి సాగింది. చివరికి స్టూడియో గిల్డ్‌తో ఒప్పందం చేసుకుంది, జీతాలకు లెక్క ఏర్పడింది. సిరా గది ఆడదిగానే మిగిలిందన్నది నిజమే. కానీ జీతం యజమాని దయ మీద కాక కాగితం మీద ఆధారపడటం చిన్న మార్పేమీ కాదు.

మరి ఇంట్లోనే పని, యజమానే కనిపించడు, అలాంటిచోట యూనియన్ ఎవరి మీద? 1972లో అహ్మదాబాద్‌లో ఇలా భట్ 'సేవ'ను నమోదు చెయ్యబోతే కార్మిక శాఖ అడిగింది సరిగ్గా ఇదే. యూనియన్ ఒకరికి ఎదురు నిలవడానికే కాదు, పనిచేసేవాళ్లు ఒక్కటవడానికి కూడా అని ఆ ఆడవాళ్లు వాదించి నమోదు సాధించారు. నాకు డిస్నీ సమ్మె కన్నా ఈ వాదనే మనకు దగ్గరగా అనిపిస్తుంది. ఇవాళ నిమ్మలకుంట తోలు ఆట తెర కన్నా ఎక్కువగా నగరాల్లో ల్యాంప్‌షేడ్ అవుతోంది. ధర అడిగేటప్పుడు చిల్లులు కొట్టిన చెయ్యి, రంగు వేసిన చెయ్యి వేరువేరుగా లెక్కకు రావాలంటే, ఆ చేతుల ఆడవాళ్లు బేరం దగ్గర కలిసి కూర్చోవాలి.