సత్యభామ నగలు, నారదుడి తక్కెడ

'శ్రీకృష్ణ తులాభారం' పేరెత్తగానే మన ఇళ్ళల్లో ఒక నవ్వు మొదలవుతుంది. మొగుణ్ణి కొంగున ముడేసుకోవాలనుకున్న సత్యభామ ఎలా భంగపడిందో తలుచుకుని నవ్వే నవ్వు. ముత్తరాజు సుబ్బారావు నాటకాన్ని మళ్ళీ చదివితే నాకు ఆ నవ్వు రాలేదు. ఇందులో అసలు ఎవరు ఎవర్ని ఆడించారన్న ప్రశ్నే మిగిలింది.

సత్య తన కోరికను దాచదు. కృష్ణుడు తనకే దక్కాలంటుంది, అలుగుతుంది, శాసిస్తుంది. అంతా బాహాటమే. నారదుడు అలా కాదు. వ్రతం పేరుతో భర్తను దానమిమ్మంటాడు, ఎత్తు బంగారమిచ్చి విడిపించుకోవచ్చని నచ్చజెపుతాడు. ఏం జరగబోతోందో కృష్ణుడికి తెలుసు. తెలిసీ అమాయకంగా వెళ్ళి తక్కెడలో కూర్చుంటాడు. ఉన్న నగలన్నీ పోసినా ముల్లు కదలదు. సవతి రుక్మిణిని ప్రాధేయపడక తప్పదు. ఆమె వేసిన తులసిదళానికి తక్కెడ తూగుతుంది. పన్నాగం పన్నింది ఇద్దరు మగవాళ్ళు. ఓడింది ఒక ఆడది, గెలిచింది ఇంకో ఆడది అన్నట్టు తెర దిగుతుంది. భక్తి గెలిచిందంటారు. నాకు మాత్రం ఆస్తి ఉన్న ఆడదాన్ని ఆ ఆస్తితోనే నవ్వులపాలు చేసిన రంగంలా కనిపిస్తుంది.

ఈ సత్య జాడలు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కలిపే రైలుదారి పొడవునా ఉన్నాయి. పెనుకొండ గగన్ మహల్ విజయనగర రాజుల విడిది. 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత వాళ్ళ రాజధానే ఇక్కడికొచ్చింది. అంతకుముందు కృష్ణదేవరాయల కొలువులో నంది తిమ్మన రాసిన 'పారిజాతాపహరణం'లో, కాళ్ళమీద పడ్డ కృష్ణుడి తలను సత్య ఎడమకాలితో తంతుంది. దీనికొక కథ ప్రచారంలో ఉంది. నిద్రలో రాణి తిరుమలదేవి పాదాలు రాయల చిత్రపటం వైపు తిరిగాయట, ఆయన అలిగాడట, రాజును మెత్తబరచడానికి తిమ్మన ఈ కావ్యం రాశాడట. నిజమో కాదో గానీ, అల్లినవాళ్ళకు ఒకటి బాగా తెలుసు: నిద్రలో కాలు కదిలినా రాణిది తప్పే. కావ్యంలో అలక సత్యది. అంతఃపురంలో అలక రాజుది.

ఆ ఊరిపేరే ఇంటిపేరైన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) బళ్ళారిలో 1886లో సరసవినోదినీ సభ పెట్టి ఆంధ్ర నాటక పితామహుడయ్యాడు. ఆనాటి సమాజాల్లో ఆడవేషాలు మగవాళ్ళవే. ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవ స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టాడు. కొమ్మూరి పద్మావతీదేవి లాంటివాళ్ళు ఆయనతో నటించారు. అయినా తులాభారంలో సత్య అంటే జనం మనసులో నిలిచింది స్థానం నరసింహారావే. ఆయన నడకా చీరకట్టూ చూసి ఆడవాళ్ళు నేర్చుకున్నారని చెప్పుకుంటారు. ఆ కళను కాదనలేం. కానీ మొగుణ్ణి అదుపులో పెట్టే ఆడది ఎలా ఉంటుందో మగవాళ్ళే రాసి, మగవాళ్ళే ఆడి, మనకు నేర్పారన్నమాట!

1966 సినిమాలో సత్య జమున, కృష్ణుడు ఎన్టీఆర్. ఆ ఎన్టీఆరే 1985 నుంచి హిందూపురం ఎమ్మెల్యే, అప్పటికే ముఖ్యమంత్రి. 1986లో ఆయన ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. ఆడపిల్ల చేతికి ఆస్తి, అదీ మొగుడి ఎత్తు తూచడానికి కాదు. అయితే అందులోనూ ఒక మెలిక: 1985 సెప్టెంబరు 5కు ముందే పెళ్ళయిన కూతుళ్ళకు అది వర్తించదు. 2005 కేంద్ర సవరణ దాకా ఆ షరతు అలాగే ఉంది. అంటే, అప్పటికే ద్వారకకు కాపురానికి వెళ్ళిపోయిన సత్యభామకు సత్రాజిత్తు ఆస్తిలో వాటా లేదు.