శని, ఆదివారాల గుడారాలు – సికింద్రాబాదు స్కౌటు శిబిరాల జ్ఞాపకాలు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు కొంచెం ఆలోచించాను. ఆఫీసు ముచ్చట్లు రాయడానికి మనలో చాలామంది ఉన్నారు. అందుకని ఆఫీసు గేటు దాటిన తర్వాత ఇరవై ఏళ్ళ పాటు చేసిన పని గురించి రాస్తున్నాను. ఆ పనికి జీతం లేదు, ఇంక్రిమెంటు లేదు, పెన్షనూ లేదు. రైల్వే కాలనీ పిల్లలకు నేను స్కౌటు మాస్టరుగా ఉండేవాణ్ణి.

ముందుగా ఈ ఉద్యమం మనదాకా ఎలా వచ్చిందో నాలుగు మాటలు చెప్పాలి. 1907 ఆగస్టులో ఇంగ్లండు దక్షిణ తీరాన ఉన్న బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో బేడెన్ పవెల్ సుమారు ఇరవై మంది కుర్రవాళ్ళతో వారం రోజుల శిబిరం వేశాడు. అందులో పెద్దింటి పిల్లలూ ఉన్నారు, కూలినాలి చేసుకునేవారి పిల్లలూ ఉన్నారు. వాళ్ళను విడివిడిగా ఉంచకుండా కలగలిపి పెట్రోళ్ళుగా విడదీశాడు. మరుసటి సంవత్సరం ఆయన పుస్తకం వచ్చింది. ఆ తర్వాత ఏ దేశంలో చూసినా పిల్లల చేతుల్లో కర్రలు, మెడలో స్కార్ఫులే.

1909లో మన దేశంలో మొదటి ట్రూపు బెంగుళూరులో మొదలైంది. కాని అది తెల్లవారి పిల్లలకు, ఆంగ్లో ఇండియన్ పిల్లలకు మాత్రమే. మన పిల్లలకు ప్రవేశం లేదు. మనవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1916లో మద్రాసులో అనిబిసెంటు, అరండేల్ భారతీయ బాలుర కోసం వేరే సంఘం పెట్టారు. ఉత్తరాన మదన మోహన మాలవ్యా, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయి సేవా సమితి తరఫున మరొక సంఘం నడిపారు. 1938లో హిందుస్తాన్ స్కౌట్ అసోసియేషన్ ఏర్పడింది. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత, 1950 నవంబరు 7న ఈ సంఘాలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. మరుసటి ఏడాది ఆగస్టు 15న గైడ్లు కూడా చేరారు. 1953లో ఆ సంస్థ మొట్టమొదటి జాతీయ జంబోరీ జరిగింది మన హైదరాబాదులోనే అన్న సంగతి ఇప్పటివాళ్ళలో చాలామందికి తెలియదు.

1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. స్కౌటు లెక్కల్లో ఒక్కొక్క రైల్వే జోను ఒక్కొక్క రాష్ట్రంతో సమానం, డివిజను జిల్లాతో సమానం. ఎండాకాలంలో రైలాగగానే కిటికీల దగ్గరకు పరుగెత్తి మంచినీళ్ళు పోసిన పిల్లలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటారు. ఆ పిల్లలు తయారయింది ఇలాంటి చిన్న చిన్న శిబిరాల్లోనే.

మా శిబిరాలు రెండో శనివారం చూసుకుని పెట్టుకునేవాళ్ళం. ఆ రోజు ఆఫీసుకు సెలవు. మౌలాలి గుట్ట కనిపించేంత దూరంలో, రాళ్ళ మధ్య చదునైన జాగా చూసి గుడారాలు వేసేవాళ్ళం. మనిషికి రెండు రూపాయలు, రెండు గిద్దల బియ్యం, గుప్పెడు కందిపప్పు చందా. ఒక్కో పెట్రోలుకు ఒక పొయ్యి. వంట పిల్లలే చెయ్యాలి. ఉప్పు మరిచిన పప్పు, అడుగంటిన అన్నం ఎన్నిసార్లు తిన్నానో లెక్క లేదు. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా ముంచుకోని కుర్రవాడు ఇక్కడ మసిగిన్నె తోముతుంటే చూడడం నాకు సరదాగా ఉండేది. పగలు ముడులు, ప్రథమ చికిత్స, దిక్సూచి చూసి దారి పట్టడం నేర్పేవాళ్ళం. రాత్రి నెగడు చుట్టూ పాటలు, నాటికలు. ఆదివారం పొద్దున్నే జెండా ఎగరేసి, దుస్తుల తనిఖీ.

ఆ తనిఖీ గురించే చెప్పాలి.

అవి డెబ్బైల నాటి రోజులు. డిసెంబరు నెల. ఇరవై నాలుగు మంది పిల్లలు వచ్చారు. వారిలో ఒకడు నలుగురు పిల్లలున్న ఒక ఖలాసీ కొడుకు. ముడులు వేయడంలో వాడిని మించినవాడు లేడు. శనివారం సాయంత్రం జెండా దగ్గర అందరూ వరుసలో నిలబడితే వాడొక్కడే చెప్పులు కూడా లేకుండా నిలబడ్డాడు. "రేపు తనిఖీకి బూట్లు లేకుండా వస్తే వరుసలో నిలబడనివ్వను" అన్నాను, అందరి ముందూ. క్రమశిక్షణ అనుకున్నాను.

నెగడు ఆరిన తర్వాత తలలు లెక్కపెడితే ఇరవై మూడే వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై మూడే. గుడారాలు వెతికాం, రాళ్ళ వెనక వెతికాం, ఈల వేశాం. జవాబు లేదు. అంత చలిలోనూ నాకు చెమటలు పట్టాయి. పక్కనే రైలు పట్టాలు. అదే సమయానికి ఒక గూడ్సుబండి కూత వేసుకుంటూ పోయింది. ఆ చప్పుడు ఎంతసేపు వినిపించిందో చెప్పలేను. తోటి మాస్టరును పిల్లల దగ్గర ఉంచి, టార్చిలైటు పట్టుకుని పట్టాల పక్కన నడిచాను. వాడి తల్లికి ఏమని చెప్పాలన్నదే ఆలోచన.

లెవెల్ క్రాసింగు దగ్గర గేటు గదిలో లాంతరు వెలుగుతోంది. గేటుమాను బయటికి వచ్చి, "మీ పిలగాడేనా సార్? చీకట్ల పట్టాలెంబడి పోతుంటే ఆపి కూసోబెట్టిన" అన్నాడు. లోపల గోనెసంచి కప్పుకుని వాడు కూర్చుని ఉన్నాడు. ఎక్కడికిరా పోతున్నావు అని అడిగాను. "ఇంటికి సార్. పక్కింటన్న బూట్లు అడిగి తెద్దామని. పొద్దుగాల తనిఖీ కల్ల ఒద్దునే" అన్నాడు. వాడు నా మీద అలగలేదు. నేను చెప్పిన మాట వినడానికే, లాలాగూడా దాకా ఆ చీకట్లో నడవబోయాడు. నాకు నోట మాట రాలేదు.

స్కౌటు దుస్తులు పెట్టింది ఎందుకు? ఉన్నవాడికీ లేనివాడికీ తేడా కనిపించకూడదని. బ్రౌన్‌సీలో మొదలైన ఆలోచన అదే. ఒకప్పుడు మన పిల్లలు నల్లవాళ్ళని గుడారం బయట ఉంచారని మనం నొచ్చుకున్నాం. అదే పని నేను బూట్ల పేరుతో చేశాను.

మర్నాడు తనిఖీ ఉత్తకాళ్ళతో జరిగింది. నాతో సహా అందరం బూట్లు విప్పి నిలబడ్డాం. ఎందుకని పిల్లలు అడగలేదు, నేను చెప్పలేదు. గోళ్ళు, కాళ్ళు శుభ్రంగా ఉన్నాయా లేదా అని చూశాం, అంతే. ఆదివారం సాయంత్రం వాడిని ఇంటి దగ్గర దించి, జరిగినది వాళ్ళ నాన్నకు చెప్పి, తప్పు నాదని ఒప్పుకున్నాను. ఆ తర్వాత మా ట్రూపులో ఒక ట్రంకుపెట్టె పెట్టాం. పెద్దవాళ్ళకు పొట్టివైన చొక్కాలు, నిక్కర్లు, బూట్లు అందులో వేసేవాళ్ళం. ఎవరికి ఏది సరిపోతే అది తీసుకునేవారు. ఎవరిది ఎవరు తొడుక్కున్నారో అడగకూడదన్నది నియమం. చీకటి పడ్డాక గంట గంటకూ తలలు లెక్కపెట్టడం కూడా అప్పుడే మొదలుపెట్టాను.

కాలం మారింది. రైల్వేలో స్కౌట్ల కోటా కింద ఉద్యోగాలు వచ్చాక, సర్టిఫికెట్టు కోసం చేరేవారు ఎక్కువయ్యారని కొందరు మిత్రులు విమర్శిస్తుంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని బీదింటి పిల్లవాడు ఉద్యోగం కోసం వచ్చి, నలుగురికి నీళ్ళు పోయడం, గాయానికి కట్టు కట్టడం నేర్చుకుని వెళితే తప్పేముంది? ఎందుకు వచ్చాడన్నది కాదు, ఏమి నేర్చుకుని వెళ్ళాడన్నదే చూడాలని నా అభిప్రాయం.

మనలో మోకాళ్ళ నొప్పులు లేనివారు తక్కువే. గుడారాలు వేయలేం. కాని ముడి వేయడం, కట్టు కట్టడం, నక్షత్రాలు చూసి దిక్కు చెప్పడం మనలో ఎంతోమందికి వచ్చు. నెలకొక శనివారం కాలనీ పిల్లలను కూర్చోబెట్టుకుని నేర్పితే బాగుంటుంది. వచ్చిన పిల్లల కాళ్ళకు చెప్పులున్నాయా లేవా అని మాత్రం చూడకండి.