శంషాబాద్‌లో కనబడని అక్షరం

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరానికి చెడ్డపేరు వచ్చింది. 'జ్ఞా' ఉన్న మెసేజ్ వస్తే ఐఫోన్‌లో వాట్సాప్, మెసెంజర్, జీమెయిల్ టపటపా మూసుకుపోయాయి. నేరం తెలుగు అక్షరానిదేనని ప్రపంచమంతా రాసింది.

ఆ నింద నాకు మింగుడు పడలేదు. జ్ఞానం, విజ్ఞానం, జ్ఞాపకం లేకుండా తెలుగులో ఎన్ని పేజీలు నడుస్తాయి? అప్పటి ఐఓఎస్ 11.2.5లో మామూలుగా టైప్ చేసిన 'జ్ఞాపకం' ఏ ఫోన్‌నూ ఆపలేదు. అంటే దోషి వేరే ఉంది.

ఆ మెసేజ్‌ను యూనికోడ్ సంకేతాలుగా విడదీస్తే అసలు ఆధారం దొరుకుతుంది. జ, పొల్లు, ఞ, దీర్ఘం: ఉండాల్సినవి నాలుగు. ఉన్నవి ఐదు! ఞకీ దీర్ఘానికీ మధ్య కంటికి ఆనని సంకేతం ఒకటి కూర్చుంది. పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్.

అది మనకు పరాయిది కాదు. 'శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు 2008 మార్చి 23న మొదలైంది' అన్న వాక్యం చూడండి. ద్ తర్వాత ఒకటి, ర్ తర్వాత ఒకటి, రెండు నాన్ జాయినర్లు ఇందులో ఉన్నాయి. పొల్లును పొల్లుగా నిలబెట్టి, తర్వాతి హల్లు వత్తుగా కిందికి జారకుండా ఆపేవి అవే.

మరి అంత పనికొచ్చేది ఫోన్‌ను ఎందుకు కూల్చింది? ప్రోగ్రామర్లు మిగతా అక్షరాలతోనూ ప్రయత్నించారు. జ్ఞ ఒక్కటే కాదు, వేరే హల్లులూ వత్తులూ పెట్టినా కూలింది. దేవనాగరి, బెంగాలీల్లోనూ కొన్ని కూర్పులకు కూలింది. ఐత్వం పెడితే మాత్రం కూలలేదు. ఐత్వం గుర్తుకు పైనొక ముక్క, కిందొక ముక్క. రెండు ముక్కల గుర్తులన్నీ ఇలాగే తప్పించుకున్నాయి. కాబట్టి లోపం లిపిలో లేదు, అక్షరాలను తెరమీద పేర్చే ఆపిల్ కోడ్‌లో ఉంది. ఫిబ్రవరి 19న వచ్చిన 11.2.6తో ఆపిల్ దాన్ని సరిదిద్దింది, మెమరీ చెడిపోయే లోపమని ఒప్పుకుంది.

రహస్య సందేశాలు దాచేవాళ్లు వాడేదీ ఈ కనబడని సంకేతాలనే. నాన్ జాయినర్‌ను 0 అనుకుని, దాని జోడీ జాయినర్‌ను 1 అనుకుంటే చాలు. యూనికోడ్‌లో జ అంటే 0000110000011100. ఆ పదహారు సంకేతాలనూ ఒక ఫుల్‌స్టాప్ వెనక పెడితే చదివేవారికి ఏమీ తెలియదు. కాపీ చేసి ఇంకొకరికి పంపితే, దారిలో ఎవరూ వడకట్టకపోతే, అవీ వెంట వెళ్తాయి.

దీనికి విరుగుడుగా కొన్ని చోట్ల కనబడని సంకేతాలన్నిటినీ తుడిచేస్తారు. అక్కడే నాకు కోపం. అలా తుడిస్తే శంషాబాద్‌లో కాస్తా 'శంషాబాద్లో' అవుతుంది, ద కింద ల వత్తు వేలాడుతుంది. ఎయిర్‌పోర్టు 'ఎయిర్పోర్టు' అవుతుంది. ఎక్కడో ఎవరో దాచిన సందేశానికి తెలుగు చదివేవాళ్లంతా ఎందుకు శిక్ష అనుభవించాలి?

తుడవక్కర్లేదు, అది ఎక్కడ కూర్చుందో చూస్తే చాలు. తెలుగులో నాన్ జాయినర్‌కు న్యాయమైన చోటు పొల్లు పక్కనే. 2018 నాటి మెసేజ్‌లో అది పొల్లు లేని ఞ వెనక ఉంది; తెలుగు రాసేవారెవరికీ అక్కడ దానితో పనిలేదు. ఇంటర్నెట్ చిరునామాల పేర్లకు 2010లో వచ్చిన నిబంధనలు మన లిపుల విషయంలో అడిగేదీ ఇదే: ముందు పొల్లు ఉందా? ఆ ఒక్క ప్రశ్నతో ఐఫోన్‌ను కూల్చిన మెసేజ్ దొరుకుతుంది, ఫుల్‌స్టాప్ వెనకున్న పదహారూ దొరుకుతాయి.

దొరకనిది ఒకటుంది. నాన్ జాయినర్ పెట్టి 'శంషాబాద్‌లో' అని రాస్తే 1, అసలేమీ దాచకుండా 'శంషాబాదులో' అని రాస్తే 0 అని ఇద్దరు ముందే అనుకున్నారనుకోండి. రెండూ సరైన తెలుగే, రెండూ రోజూ కనబడేవే. ఒక్క జ పంపడానికి ఇలాంటి మాటలు పదహారు కావాలి. విమానాశ్రయం గురించి పొడవాటి వార్త రాస్తే అవి సులువుగా వచ్చేస్తాయి.