నకలు తీయడం, సరిచూడటం: పరికరాల పరిణామం

1971 నవంబరులో వెలువడిన యూనిక్స్ తొలి కరదీపికలోనే ఫైలుకు నకలు తీసే ‘సీపీ’, రెండు ఫైళ్లను పోల్చే ‘సీఎంపీ’ వేర్వేరు ఆదేశాలుగా ఉన్నాయి. నకలు తీయడం, సరిచూడటం రెండు వేర్వేరు పనులన్న అవగాహన అప్పటిదే.

పోల్చడానికి రెండు ఫైళ్లూ అందుబాటులో ఉండాలి. చెక్‌సమ్ ఈ అవసరాన్ని తప్పించింది. ఫైలులోని సమాచారమంతటి నుంచి లెక్కగట్టే చిన్న విలువే చెక్‌సమ్. 1992లో రోనాల్డ్ రివెస్ట్ ప్రచురించిన ఎండీ5 ఇందుకు బాగా వాడుకలోకి వచ్చింది. 2004లో దాని బలహీనత రుజువయ్యాక ఎస్‌హెచ్‌ఏ-256 వాడకం పెరిగింది.

1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరస్ విడుదల చేసిన ఆర్‌సింక్, నెమ్మదైన నెట్‌వర్కుల్లో మారిన భాగాలనే పంపడానికి పుట్టింది. ఫైలు మారిందో లేదో అది మామూలుగా పరిమాణం, సవరణ సమయం చూసి నిర్ణయిస్తుంది. ఆ రెండూ మారకుండా డిస్కులోని బైట్లు చెడిపోతే గుర్తించదు. చెక్‌సమ్ ఆప్షన్ ఇస్తే తేడాను గుర్తిస్తుంది గాని, ఏ ప్రతి మంచిదో చెప్పలేదు. మూల ఫైలే చెడి ఉంటే, మంచి నకలుపై చెడిపోయిన దాన్నే రాసేస్తుంది.

కాబట్టి ఫైళ్లు బాగున్నప్పుడే చెక్‌సమ్ జాబితా తయారుచేసి విడిగా భద్రపరచాలి. నకలుకు ఆర్‌సింక్, నిర్ధారణకు ఎస్‌హెచ్‌ఏ-256 జాబితా అవసరం. ఒకటి మరొకదానికి ప్రత్యామ్నాయం కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మూల ఫైలు చెడిపోయినప్పుడు ఆర్‌సింక్ మంచి నకలును ఎలా పోగొట్టగలదు?