లైంగిక వృత్తిలోని స్త్రీల పట్ల స్త్రీ పురుషుల వైఖరులు: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతం

లైంగిక వృత్తిలో ఉన్న స్త్రీలను మగవారు చూసే తీరు వేరు, ఆడవారు చూసే తీరు వేరు. గోదావరి, కృష్ణా డెల్టాల నడుమ ఉన్న ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతంలో ఈ తేడా వెనక సుదీర్ఘ చరిత్ర ఉంది. కళావంతుల మేళాలు, సంఘ సంస్కరణ, పద్యనాటకం, చట్టాలు, హెచ్.ఐ.వి. నివారణ కార్యక్రమాలు ఒకదాని తరవాత ఒకటి ఆ వైఖరులను మలిచాయి. స్థూలంగా పురుషులు చాటున సడలింపు చూపి, నలుగురిలో కఠినంగా మాట్లాడతారు. స్త్రీల కాఠిన్యం బాహాటంగానే ఉంటుంది. సంసారం చెడుతుందన్న భయం, రోగభయం, తమ మీదా మాట పడుతుందన్న బెదురు దానికి మూలం. ఈ రెండు వైఖరుల బరువూ చివరికి పడేది ఆ వృత్తిలోని స్త్రీ మీదనే.

ప్రాంత నేపథ్యం

ఏలూరు చాలాకాలం పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా వేరుపడింది. తాడేపల్లిగూడెం మాత్రం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలోనే మిగిలింది. చెన్నై నుంచి హౌరా వెళ్లే రైలు మార్గం, 16వ నంబరు జాతీయ రహదారి రెండూ ఈ ప్రాంతం మీదుగానే సాగుతాయి. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌కు సరుకు తెచ్చే లారీలు, కైకలూరు, ఆకివీడు, భీమవరం నుంచి ఐసులో సర్దిన చేపలను పశ్చిమ బెంగాల్‌కూ ఈశాన్య రాష్ట్రాలకూ చేరవేసే లారీలు ఇక్కడి రోజువారీ దృశ్యం. వరికోతలకూ చేపల చెరువుల పనులకూ కూలీలు వస్తుంటారు. ఇల్లు విడిచి రోజుల తరబడి తిరిగే మగవారి రాకపోకలు ఎక్కువ.

ఆంధ్రప్రదేశ్‌లో లైంగిక వృత్తి చాలావరకు కోల్‌కతా సోనాగాచీలా ఒక పేటకు పరిమితమై ఉండదు. అద్దె ఇళ్లు, లాడ్జీలు, రోడ్డు పక్క తావులు, సెల్‌ఫోన్ల మీదుగా నడుస్తుంది. ఆ వృత్తిలో ఉన్న స్త్రీ చాలాసార్లు ఇరుగుపొరుగుల మధ్యనే, పిల్లల తల్లిగా, కూలికి వెళ్లే మనిషిగా బతుకుతుంటుంది. అందువల్ల అనుమానం ఆమెతో ఆగదు. భర్త లేని స్త్రీ, రాత్రి షిఫ్టు చేసి వచ్చే స్త్రీ, ఒంటరిగా అద్దెకు దిగిన స్త్రీ కూడా ఆ చూపుకు గురవుతారు.

కళావంతుల కాలం

కళావంతులు సంగీతం, నాట్యం, అభినయం వంశపారంపర్యంగా నేర్చిన కళాకారిణులు. వాళ్లనూ నేటి లైంగిక వృత్తినీ ఒకే గాటన కట్టడం చరిత్రకు సరిపడదు. అయితే ఈ ప్రాంతంలో స్త్రీ పురుషుల వైఖరులు రూపుకట్టింది వాళ్లను చూసే చూపులోనే.

కొల్లేటికి దక్షిణాన కృష్ణా జిల్లాలో ఉన్న మొవ్వ పేరుతో ముడిపడిన క్షేత్రయ్య పదాలు వాళ్ల అభినయానికి ఆయువుపట్టు. పశ్చిమ గోదావరిలోని బల్లిపాడు మదనగోపాలస్వామి ఆలయ సేవలో కళావంతుల కుటుంబాలు ఉండేవి. జమీందార్ల ఇళ్లలో, ఉన్న రైతుల పెళ్లిళ్లలో భోగంమేళం పెట్టించడం హోదాకు గుర్తు. సాధారణ కుటుంబాల్లో ఆడపిల్లకు అక్షరం ముట్టని రోజుల్లో ఈ స్త్రీలు చదవగలిగేవారు, పాడగలిగేవారు, ఆస్తి చేతిలో ఉంచుకోగలిగేవారు.

మగవారు పోషకులుగా వాళ్ల కళను మెచ్చారు, పొందును కోరారు, పెళ్లికి మాత్రం దూరంగా నిలిపారు. గృహిణుల వైఖరిలోనూ రెండు పాయలున్నాయి. దేవుడికి అంకితమైన స్త్రీ నిత్యసుమంగళి కాబట్టి శుభకార్యాల్లో ఆమె రాకను మంగళకరంగా ఎంచారు. అదే స్త్రీ తన భర్త చేరదీసిన మనిషి అయినప్పుడు పంటి బిగువున భరించారు. ఉంచుకోవడం మగవాడి హోదాలో భాగమైన చోట, దాన్ని ప్రశ్నించే చోటు భార్యకు లేదు.

సంస్కరణోద్యమం

1874లో కందుకూరి వీరేశలింగం ప్రారంభించిన ‘వివేకవర్ధని’ రాజమహేంద్రవరం నుంచి వేశ్యాలోలత్వాన్ని దుయ్యబట్టింది. మచిలీపట్నంలో పుట్టి కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాల్ అయిన రఘుపతి వెంకటరత్నం నాయుడు సాంఘిక పవిత్రత ఉద్యమాన్ని నడిపారు. 1893లో మద్రాసు సంస్కర్తలు, నాచ్ కచేరీలకు, అంటే భోగంమేళాలకు, హాజరు కావద్దని వైస్రాయ్‌కీ గవర్నర్‌కూ విజ్ఞప్తి చేశారు.

చదువుకున్న పురుషులు సాటి పురుషుల నడవడిని నిలదీయడం ఈ ఉద్యమం గొప్పతనం. దాని లోపమూ అంత పెద్దదే. మేళాలకు పిలుపులు ఆగాక కళావంతులు ఏం తిని బతకాలన్న ప్రశ్న చాలామందికి తట్టలేదు. పోషకుడు తన అలవాటు మానుకుని గౌరవం నిలుపుకున్నాడు. ఆమెకు జీవనాధారం పోయింది, అపకీర్తి మిగిలింది.

స్త్రీలలోనూ ఏకాభిప్రాయం లేదు. దేవదాసి తల్లికి పుట్టి వైద్యురాలైన ముత్తులక్ష్మీ రెడ్డి 1927లో మద్రాసు శాసనమండలిలో దేవుడికి అంకితం చేసే పద్ధతి రద్దుకు తీర్మానం తెచ్చారు. ఆ కృషి 1947 నాటి మద్రాసు దేవదాసీల చట్టంతో ఫలించింది. అదే వర్గం నుంచి వచ్చిన బెంగుళూరు నాగరత్నమ్మ, తమను గంపగుత్తగా పతితలుగా చిత్రించడాన్ని ఎదిరించారు. ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ను వీరేశలింగం ఆక్షేపించగా, నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని పూర్తిపాఠంతో ప్రచురించారు. మరుసటి ఏడు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం హయాంలో 1947లో నిషేధం తొలగింది. ఒకరు ఆచారం పోవాలన్నారు, ఒకరు మనుషుల పరువు నిలవాలన్నారు. నేటి స్త్రీ సంఘాల్లో నడిచే వాదానికి ఇదే తొలి రూపం.

రంగస్థలం మీద

1892లో ప్రదర్శితమై 1909లో తుది రూపం పొందిన గురజాడ ‘కన్యాశుల్కం’ మగవారి వైఖరులను వరసగా నిలబెట్టింది. గిరీశం నాచ్ వ్యతిరేకత గురించి ఉపన్యసిస్తూనే వేశ్య మధురవాణిని వాడుకుంటాడు. రామప్పంతులు డబ్బుతో కొంటాడు. సౌజన్యారావు పంతులు నిజాయితీపరుడే అయినా వేశ్య ముఖం చూడకూడదన్న నియమం పెట్టుకుంటాడు. చీపురు పట్టుకుని మధురవాణి ఇంటికి వచ్చిన పూటకూళ్లమ్మ వెతికింది తనను మోసం చేసిన గిరీశాన్ని. కోపం ఎవరి మీద పడాలో ఆమెకు తెలుసు. తెలుగు సాహిత్యంలో ఇది అరుదైన క్షణం.

భీమవరం ప్రాంతంలోని మత్స్యపురిలో 1871లో పుట్టిన కాళ్లకూరి నారాయణరావు 1920 ప్రాంతంలో ‘చింతామణి’ రాశారు. వేశ్యావ్యసనం సంసారాలను ఎలా కూలుస్తుందో చెప్పడం నాటకం ఉద్దేశం. ఊరూరా ఆడేకొద్దీ విటుడు సుబ్బిశెట్టి హాస్యం, శృంగార సంభాషణలు పెరిగాయి. స్థానం నరసింహారావు వంటి పురుష నటులు స్త్రీ వేషంలో మధురవాణిగా, చింతామణిగా మెప్పించారు. వేశ్య పాత్రను రాసినవారు పురుషులే, ఆడినవారూ తొలినాళ్లలో పురుషులే. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ నాటక ప్రదర్శనను నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందన్న ఆర్యవైశ్య సంఘాల ఫిర్యాదు దానికి కారణం. వందేళ్ల ప్రదర్శనల తరవాత నిషేధం దాకా వెళ్లిన చర్చ విటుడి పాత్ర గౌరవం చుట్టూ తిరిగింది. చింతామణి గౌరవం గురించి సాగలేదు.

చట్టంలో తేడా

1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం, ఇష్టపూర్వకంగా సాగే లైంగిక వృత్తినే నేరం అనదు. వ్యభిచార గృహం నడపడం, ఆ సంపాదన మీద బతకడం, బహిరంగంగా పిలవడం, గుడి, బడి, ఆసుపత్రి వంటి చోట్లకు 200 మీటర్ల లోపు వృత్తి సాగించడం నేరాలు. బహిరంగంగా పిలిచిన నేరానికి మొదటిసారి ఆరు నెలల దాకా జైలు ఉండవచ్చు. అదే నేరం పురుషుడు చేస్తే ఏడు రోజులకు తగ్గకుండా మూడు నెలల దాకా మాత్రమే. సమాజంలోని తేడా చట్టం అక్షరాల్లోకీ ఎక్కింది.

సుప్రీంకోర్టు ధోరణి క్రమంగా మారింది. శీలం గురించి ఎవరేమన్నా ప్రతి స్త్రీకీ గోప్యత హక్కు ఉందని మధుకర్ మార్దికర్ కేసులో 1991లో చెప్పింది. బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో 2022 మే 19న జస్టిస్ లావు నాగేశ్వరరావు నేతృత్వంలోని ధర్మాసనం మరింత ముందుకు వెళ్లింది. పోలీసు దాడుల్లో, ఇష్టపూర్వకంగా వృత్తిలో ఉన్న స్త్రీలను అరెస్టు చేసి వేధించరాదని, తల్లి వృత్తి కారణంగా బిడ్డను వేరు చేయరాదని, వాళ్ల ఫొటోలు, వివరాలు పత్రికల్లో, టీవీల్లో బయటపెట్టరాదని ఆదేశించింది. దాడి వార్తల్లో స్త్రీలను ముఖాలు కప్పుకుని వరసగా కూర్చోబెట్టి చూపే అలవాటుకు ఇది సూటి జవాబు.

ఇంటి లోపలి చూపు

తిరిగి ఆడది చెడింది, తిరక్క మగాడు చెడ్డాడు అన్న సామెత డెల్టాలో అందరి నోటా ఉంది. మగవాడి తిరుగుడును ప్రయోజకత్వంగా, ఆడదాని తిరుగుడును పతనంగా ఎంచే తూకం అందులో ఉంది. ఆ తూకాన్ని స్త్రీలు కూడా నమ్ముతారనడానికి లెక్కలున్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబేనన్నవారు ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో సుమారు 84 శాతం, పురుషుల్లో సుమారు 67 శాతం. అడిగిన కారణాల్లో భార్య మీద అనుమానం ఒకటి. దేశవ్యాప్తంగా మరో ప్రశ్నకు జవాబులు తిరగబడ్డాయి. భర్తకు సుఖవ్యాధి ఉన్నా, అతడు పరస్త్రీల దగ్గరికి వెళ్తున్నా, తాను అలసి ఉన్నా, ఈ మూడు సందర్భాల్లోనూ భార్య అతడితో పొందును కాదనవచ్చని స్త్రీలలో 80 శాతం, పురుషుల్లో 66 శాతం ఒప్పుకున్నారు.

ఈ రెంటినీ కలిపి చదివితే గృహిణి మనసు అర్థమవుతుంది. కట్టుబాటు దాటిన స్త్రీ మీద ఆమె కఠినంగా ఉంటుంది, ఎందుకంటే తన భద్రత ఆ కట్టుబాటు మీదే ఆధారపడి ఉందని నేర్చుకుంది. భర్త తిరుగుడు వల్ల తన శరీరానికి వచ్చే ముప్పు కూడా ఆమెకు తెలుసు. భర్తను నిలదీస్తే కూడు, గూడు పోతాయన్న భయం ఉన్నచోట కోపం దారి మళ్లి, దొరికిన ఆ రెండో స్త్రీ మీద పడుతుంది.

హెచ్.ఐ.వి. నివారణ కాలం

రెండువేల సంవత్సరం తరవాత గోదావరి జిల్లాలు హెచ్.ఐ.వి. అధికంగా ఉన్న ప్రాంతాల్లో లెక్కకు వచ్చాయి. 2003లో గేట్స్ ఫౌండేషన్ ప్రారంభించిన ‘ఆవాహన్’ కార్యక్రమం కోస్తా జిల్లాల్లోనూ నడిచింది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ లెక్కలో లారీ డ్రైవర్లు, వలస కూలీలు వృత్తిలోని స్త్రీలకూ కుటుంబాలకూ మధ్య వారధి వంటివారు. అయినా ఊళ్లో నింద డ్రైవర్ మీద కంటే వృత్తిలోని స్త్రీ మీద ఎక్కువగా పడింది. భర్త నుంచి సోకిన భార్యను కూడా అత్తింటివారు తప్పుబట్టిన ఇళ్లున్నాయి. వృత్తిలోని స్త్రీ, కుటుంబ స్త్రీ ఒకే చోట దెబ్బతిన్నా ఒకరినొకరు శత్రువులుగా చూసుకున్నారు.

ఈ కార్యక్రమాలు మరో మార్పు కూడా తెచ్చాయి. వృత్తిలోని స్త్రీలే పీర్ ఎడ్యుకేటర్లుగా తోటివారికి కండోమ్ వాడకం, పరీక్షల గురించి చెప్పారు. రాజమహేంద్రవరంలో సాగిన అధ్యయనాలు, 2009లో ప్రచురితమైన ఒకదానితో సహా, స్త్రీలు సంఘంగా నిలబడి మాట్లాడినచోట పోలీసు వేధింపులు తగ్గుముఖం పట్టాయని చూపాయి. ఆసుపత్రి చీటీ రాసే నర్సు, స్టేషన్‌లో రైటరు పేరుపెట్టి పిలవడం మొదలైనచోట చూపు మెత్తబడింది.

స్త్రీ ఉద్యమాల్లో రెండు వాదాలు

హైదరాబాద్‌లో 1996లో మొదలైన ప్రజ్వల, అక్రమ రవాణాను బానిసత్వంగా చూస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో అక్రమ రవాణా నుంచి బయటపడిన స్త్రీల సమాఖ్య ‘విముక్తి’ పునరావాసాన్ని, కొనేవారికి శిక్షను కోరుతుంది. అఖిల భారత సెక్స్ వర్కర్ల సంఘాలు దీన్ని పనిగా గుర్తించాలని, దాడులు ఆపాలని అంటాయి. బలవంతాన లాగబడ్డ బాలిక విషయంలో మొదటి వాదం నూటికి నూరుపాళ్లు సరైంది. పిల్లల ఫీజుల కోసం వృత్తిలో కొనసాగుతున్న పెద్ద వయసు స్త్రీకి రెండో వాదమే రక్షణ. ఇద్దరికీ ఒకే మందు లేదు.

ఇతర దేశాలతో పోలిక

స్వీడన్ 1999లో కొనేవారినే శిక్షించే చట్టం తెచ్చింది; తరవాతి సర్వేల్లో దానికి స్త్రీల మద్దతు పురుషుల కంటే ఎక్కువ. అమ్మే స్త్రీని కూడా శిక్షించాలన్నవారూ అక్కడ స్త్రీలలోనే ఎక్కువ. న్యూజిలాండ్ 2003లో వృత్తిని నేరాల జాబితా నుంచి తీసివేసి, వృత్తిలోని స్త్రీలకు కార్మిక రక్షణలు ఇచ్చింది. స్త్రీలు సమానత్వంలో ముందున్న స్వీడన్‌లోనూ ఈ వృత్తి పట్ల వాళ్ల కాఠిన్యం తగ్గలేదు. కోపంలో ఎక్కువ పాలు కొనేవాడి వైపు తిరిగింది.

డెల్టాలో జరగవలసిన మార్పు కూడా అక్కడే ఉంది. ఏలూరు మహిళా సంఘంలోనో, కైకలూరు డ్వాక్రా సమావేశంలోనో ఈ విషయం మాటకు వచ్చినప్పుడు ఆ స్త్రీ ఎలాంటిదన్న ప్రశ్నతో పాటు, ఆమె దగ్గరికి వెళ్లేవాళ్లు ఎవరన్న ప్రశ్న కూడా రావాలి. వృత్తిలోని స్త్రీకి రేషన్ కార్డు, ఆమె బిడ్డకు బడిలో సీటు, ఆసుపత్రిలో మర్యాద అందడానికి ఎవరి నైతిక తీర్పూ అడ్డు రాకూడదు. స్త్రీ పురుషుల చూపుల్లో తేడా ఎంత ఉన్నా, ఆ హక్కులకు అవసరమైన చట్టం 2022 తీర్పుతో స్పష్టమైంది. దాన్ని అమలు చేయించడం ఊరి బాధ్యత.