సముద్రంలో లోపం, ఓడ మీద ముల్లు

మోటారు పడవలో చోదకుని ఎదుట ఉండే పలకపై కొన్ని ముళ్లు కనిపిస్తాయి. ట్యాంకులో ఇంధనం ఎంత ఉన్నదో, ఇంజను ఎంత వేడెక్కినదో అవి తెలుపుతాయి. ఒక్కొక్కప్పుడు ముల్లు కదలక నిలిచిపోతుంది. లోపం మీటరులో ఉన్నదా, తీగెలో ఉన్నదా, తీగె చివరి సాధనంలో ఉన్నదా? ఇటువంటి ప్రశ్నే నూటయాభై ఏండ్ల క్రిందట అట్లాంటిక్ మహాసముద్రం మీద ఇంజనీర్లను వేధించినది.

1858 ఆగస్టు 5న ఐర్లండుకూ న్యూఫౌండ్లాండుకూ మధ్య తంతి కేబులు వేయడం పూర్తయినది. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షునికి పంపిన 98 మాటల సందేశం చేరడానికి సుమారు 16 గంటలు పట్టినది. సంకేతాలు బలహీనంగా ఉన్నవని కంపెనీ నిపుణుడు వైట్‌హౌస్ సుమారు 2,000 వోల్టుల విద్యుత్పీడనం ప్రయోగించాడు. అసలే లోపమున్న పూత మరింత చెడినది. నెల తిరగకముందే కేబులు మూగవోయినది.

విలియం థామ్సన్ (తరువాత లార్డ్ కెల్విన్) వేరొక దారి త్రొక్కాడు. చిన్న అద్దం వెనుక సన్నని అయస్కాంతాలు అతికించి, తీగెచుట్ట నడుమ దారంతో వ్రేలాడదీశాడు. అద్దం నుండి పరావర్తనం చెందే కాంతికిరణమే ఇందులో ముల్లు. కిరణానికి బరువు లేదు గనుక అత్యల్ప ప్రవాహానికి కూడా కాంతిబిందువు కదులుతుంది.

1865లో 'గ్రేట్ ఈస్టర్న్' ఓడ కొత్త కేబులు దింపుతూ బయలుదేరినది. ఓడలోని పరీక్షాగదిలో ఆ బిందువును రేయింబవళ్లు కనిపెట్టి ఉన్నారు. జూలై 24న, దాదాపు 84 మైళ్లు దింపిన తరువాత, బిందువు చోటు తప్పినది. అనగా విద్యుత్తు సముద్రంలోకి కారిపోతున్నది.

లోపం ఎక్కడ? 1827లో ఓమ్ ప్రకటించిన సూత్రమే ఇక్కడ ఆధారం. తీగె పొడవును బట్టి నిరోధం పెరుగుతుంది. మైలుకు 4 ఓములు గల తీగెలో 40 ఓములు కనిపిస్తే, లోపం సుమారు 10 మైళ్ల దూరంలో ఉన్నదని అంచనా. లోపానికి కూడా కొంత నిరోధం ఉండును గనుక రెండు కొనల నుండీ కొలిచి సరిచూడాలి.

కేబులును వెనుకకు లాగి చూడగా, పూతలో ఒక ఇనుపతీగె ముక్క గుచ్చుకొని ఉన్నది. జూలై 29న మళ్లీ అదే కథ. ఎవరో ద్రోహం చేస్తున్నారని అనుమానించి కాపలా పెట్టారు. కాని కేబులు కవచంలోనివే పెళుసు తీగెలు విరిగి గుచ్చుకొంటున్నవని తరువాత తోచినది. ఆగస్టు 2న మూడవ లోపాన్ని వెదుకుతుండగా కేబులు తెగి అగాధంలో మునిగినది. 1866లో అదే ఓడ మరొక కేబులును విజయవంతంగా వేసి, మునిగినదాన్ని కూడా పైకి తీసినది. కొనను పరీక్షాగదిలో కలుపగా ఐర్లండు నుండి జవాబు వచ్చినది!

నేటి పడవలోనూ వరుస అదే. మొదట మీటరుకు బ్యాటరీ విద్యుత్తు, భూసంబంధం సరిగా అందుతున్నవో చూడాలి. అమెరికా పద్ధతి ఇంధన మీటరులో ట్యాంకు ఖాళీ అయితే సుమారు 240 ఓములు, నిండితే సుమారు 30 ఓములు ఉంటాయి. మీటరు వెనుక ట్యాంకు తీగెను విప్పితే ముల్లు ఖాళీ వైపుకు, అదే కొనను భూసంబంధానికి తాకిస్తే నిండు వైపుకు పోవాలి. పోతే మీటరు మంచిదే; లోపం తీగెలోనో, ట్యాంకులోనో ఉన్నది. పెట్రోలు ఆవిరి ఉన్నచోట మాత్రం నిప్పురవ్వ పుట్టరాదు.

ముల్లు కదలనప్పుడు బలం పెంచినవాడు కేబులును పోగొట్టాడు. దారిని భాగాలుగా విడదీసి కొలిచినవారు సముద్రగర్భంలోని లోపాన్ని సైతం పట్టుకొన్నారు.